పసిడి జాడ

పాఠ్యభాగ పరిచయం

ఇది వైజ్ఞానిక వ్యాసం. బంగారం ఎటువంటి శిలలలో చేరుతుందో, శాస్త్రజ్ఞులు దానిని ఏ క్రమంలో వెదుకుతారో ఈ పాఠం వివరిస్తుంది. నెల్లూరు జిల్లా పశ్చిమాన ఉన్న వరికుంటపాడు, ఉదయగిరి ప్రాంతపు శిలలతో మొదలుపెట్టి కోలారు, జొన్నగిరి, సుదూరంలోని బోర్నియో దీవి వరకు విషయం సాగుతుంది. ఖనిజాన్వేషణలో కొలత ఎంత ముఖ్యమో, ఆ కొలతలో నిజాయితీ లోపిస్తే సామాన్యులకు ఎటువంటి నష్టం కలుగుతుందో విద్యార్థులు గ్రహించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

1. మెట్టసీమ

నెల్లూరు జిల్లా అనగానే పెన్నా కాలువలు, పచ్చని వరిచేలు, సముద్రతీరం మనకు గుర్తుకు వస్తాయి. అదే జిల్లా పడమటి అంచున దీనికి పూర్తిగా భిన్నమైన సీమ ఒకటి ఉంది. కడప ప్రాంతానికీ నెల్లూరుకూ నడుమ వెలికొండలు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. వాటికి తూర్పున ఉదయగిరి, వరికుంటపాడు, దుత్తలూరు, వింజమూరు వంటి మెట్ట మండలాలు ఉన్నాయి. ఇక్కడ వాన తక్కువ, నేల పలుచన. వరికుంటపాడు అనే పేరులోనే వరి ఉంది, కుంట ఉంది. ఆ రెండూ ఆకాశం వంక చూసి బతికేవే. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం ఈ సీమకు చరిత్రలో స్థానం కల్పించింది.

నేల పలుచగా ఉండడం సేద్యానికి ప్రతికూలం. శిలలను పరిశీలించేవారికి మాత్రం అది అనుకూలం. వాగుల ఒడ్డున, బావుల గోడలలో, పొలం గట్ల మీద రాయి తన స్వరూపాన్ని దాచుకోకుండా కనిపిస్తుంది. తెల్లని పలుగురాళ్లు, ముదురు రంగు పొరల రాళ్లు, ఎండలో తళుక్కుమనే అభ్రకపు రేకులు ఈ ప్రాంతంలో అందరూ ఎరిగినవే.

మెరుపు ఉన్నచోట ఆశ పుడుతుంది. కోట ఉన్నచోట గుప్తనిధుల కథలు పుడతాయి. ఆ కథలను నమ్మి అర్ధరాత్రి వేళ శిథిలాలయాలను తవ్వేవారికి నిధి దొరకదు సరికదా, పూర్వుల కట్టడాలు నేలమట్టమవుతాయి. భూగర్భ శాస్త్రజ్ఞుని అన్వేషణ ఇందుకు పూర్తిగా భిన్నమైనది. గుప్తనిధి ఎవరో ఒకరు దాచినది. దానికి నియమం లేదు. ఖనిజ నిక్షేపం ప్రకృతి కూర్చినది. దానికి నియమం ఉంది. ఆ నియమాన్ని తెలుసుకొని, దాని వెంట నడిచి, దొరికినదానిని సరిగా కొలవడమే స్వర్ణాన్వేషణ.

2. బంగారం స్వభావం

బంగారం తుప్పు పట్టదు. గాలి, నీరు, సాధారణ ఆమ్లాలు దానిని ఏమీ చేయలేవు. నీటికంటే 19 రెట్లకు మించి బరువైనది. 1064 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. సుత్తితో కొడితే రేకుగా సాగుతుంది. ఈ గుణాల వల్లనే అది ఆభరణంగానూ ధనంగానూ మానవుని చేతికి వచ్చింది.

అయితే భూమి పైపొరలోని శిలలను సగటున తీసుకుంటే, ఒక టన్ను రాతిలో దాదాపు 4 మిల్లీగ్రాముల బంగారం మాత్రమే ఉంటుంది. అంటే ఒక గ్రాములో వెయ్యింట నాలుగు వంతులు. ఆ రాతిని తవ్వి పొడిచేసి బంగారం తీయడం ఎవరికీ గిట్టదు. టన్నుకు నాలుగైదు గ్రాములు ఉంటే అది గనిగా పనికి రావచ్చు. ప్రకృతి ఏదో ఒక విధంగా ఆ లోహాన్ని వెయ్యి రెట్లు ఒకచోట చేర్చితే తప్ప గని ఏర్పడదన్నమాట. అలా చేరిన తరువాత కూడా దాని పాలు పది లక్షలకు నాలుగో ఐదో మాత్రమే. కాబట్టి బంగారు గనిలోని రాయి సాధారణంగా బంగారంలా మెరవదు. కంటికి అది మామూలు రాయే.

కంటికి బాగా మెరిసేవి చాలావరకు వేరే ఖనిజాలు. వాగు ఇసుకలో పసుపు వన్నెతో మెరిసేది తరచుగా అభ్రకం. అది పలుచని రేకులుగా విడిపోతుంది. నీటిలో తేలికగా కొట్టుకుపోతుంది. రాతిలో పసుపు ఇత్తడి రంగుతో, పలకలు తీరిన గింజలుగా కనిపించేది పైరైటు. అది ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. సుత్తితో కొడితే పైరైటు చిట్లుతుంది, బంగారం సాగుతుంది. మెరుగు పెట్టని పింగాణీ ముక్కపై గీస్తే పైరైటు నలుపు వన్నె గీతను, బంగారం పసుపు గీతను విడుస్తాయి. మన స్వర్ణకారులు గీటురాయిపై గీసి వన్నె చూసే పద్ధతి కూడా ఇదే కోవకు చెందినది. చూపును నమ్మకుండా పరీక్షను నమ్మడమే దీని సారం.

3. శిలలలోకి బంగారం చేరిన విధం

దక్షిణ భారతదేశంలో బంగారం ముఖ్యంగా ధార్వారు శిలలు అనే అతి ప్రాచీన శిలల పట్టీలలో లభిస్తున్నది. దాదాపు 270 కోట్ల సంవత్సరాల క్రితం సముద్రగర్భంలో పొంగిన లావా గడ్డకట్టి నల్లని శిలలుగా మారింది. తరువాతి కాలంలో భూగర్భంలోని వేడికి, ఒత్తిడికి లోనై ఆ శిలలు ముడతలు పడ్డాయి; పొడవైన చీలికలు ఏర్పడ్డాయి. ఆ చీలికల గుండా లోతుల నుండి వేడి నీరు పైకి ఎగబాకింది. ఆ నీటిలో గంధకంతో జతకూడి బంగారం కరిగి ఉంది.

ఆ నీరు నల్లని శిలలను తాకినప్పుడు వాటిలోని ఇనుము గంధకాన్ని తన వైపు లాక్కొని పైరైటుగా మారింది. తోడు విడిపోయిన బంగారం నీటిలో నిలువలేక అక్కడికక్కడే రాలిపోయింది. నీటిలో కరిగి ఉన్న సిలికా చీలికలలో పేరుకొని తెల్లని పలుగురాయి సిరలుగా గట్టిపడింది. కంటిని మోసగించే పైరైటు ఒక్కొక్కసారి నిజమైన బంగారానికి పొరుగున ఉండడానికి కారణం ఇదే. అందువల్ల శాస్త్రజ్ఞుడు పైరైటును చూసి మురిసిపోడు, అలాగని విసిరివేయడు. నమూనాగా తీసి పరీక్షకు పంపుతాడు.

ఇప్పుడు వరికుంటపాడు శిలల సంగతి చూద్దాం. ఈ సీమ నెల్లూరు షిస్టు మేఖల అనే శిలల పట్టీలో భాగం. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ ప్రాంతపు శిలలను వర్ణిస్తూ 1880లో ఒక గ్రంథం వెలువరించాడు. ఇల్లెందు వద్ద బొగ్గును గుర్తించి సింగరేణికి పునాది వేసిన శాస్త్రజ్ఞుడు ఆయనే. ఈ మేఖలలో వింజమూరు వైపు నల్లని హార్న్‌బ్లెండ్ శిలలు, ఉదయగిరి వైపు అభ్రకపు షిస్టులు, క్వార్ట్‌జైట్లు కనిపిస్తాయి. ఉదయగిరి ప్రాంతంలోని గరిమెనపెంట రాగి ఖనిజానికి పూర్వం నుండి పేరు పొందింది. దక్షిణాన గూడూరు, సైదాపురం ప్రాంతాల అభ్రకం విదేశాలకు ఎగుమతి అయింది. వెలికొండలకు ఆవల కడప సీమలోని మంగంపేట ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి.

కోలారులో బంగారానికి ఆశ్రయమిచ్చిన నల్లరాయిని పోలిన రాయి ఇక్కడా ఉంది. పలుగురాయి సిరలు ఇక్కడా ఉన్నాయి. అంతమాత్రం చేత ఇక్కడ బంగారు గని ఉందని చెప్పడం శాస్త్రం కాదు. రాయి ఆశ్రయం మాత్రమే. చీలిక పడిందా, ఆ చీలికలో బంగారాన్ని మోసే నీరు ప్రవహించిందా, అది తగినంతగా అక్కడ విడిచి వెళ్లిందా అనే మూడు ప్రశ్నలకూ అవునని జవాబు వచ్చినచోటే గని ఉంటుంది. పోలికను చూసి ప్రశ్న అడగవచ్చు. పోలికను జవాబుగా స్వీకరించరాదు.

4. పూర్వుల అన్వేషణ

మన పూర్వులకు ఈ విద్య కొత్త కాదు. అశోకుని బ్రహ్మగిరి శాసనంలో సువర్ణగిరి అనే పట్టణం ప్రస్తావన ఉంది. అది కర్నూలు సీమలోని జొన్నగిరి అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. జొన్నగిరికి సమీపంలోని ఎర్రగుడి అశోక శాసనాలను 1920ల చివరలో లోకం దృష్టికి తెచ్చినవాడు అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు. రాళ్లను చదవడానికి వెళ్లినవాడు రాళ్లపై అక్షరాలను చదివే అవకాశం కల్పించాడు. ఆధునిక కాలంలో జొన్నగిరి వద్ద బంగారు నిక్షేపాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన మీదట 2013లో అక్కడ ఒక ప్రైవేటు సంస్థకు గని లీజు లభించింది.

రాయచూరు జిల్లాలోని హట్టి గనిలో ప్రాచీనులు దాదాపు 640 అడుగుల లోతు వరకు తవ్విన గుర్తులు బయటపడ్డాయి. అక్కడ దొరికిన కొయ్య వయస్సు రమారమి రెండు వేల ఏళ్లని పరీక్షలలో తేలింది. అనంతపురం సీమలోని రామగిరిలో ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో గనులు నడిచాయి. కోలారు శిలల పట్టీ దక్షిణంగా చిత్తూరు జిల్లాలోకి సాగి కుప్పం సమీపంలోని చిగరగుంట, బిసానత్తం వరకు వ్యాపించింది.

కోలారు గనుల ఆధునిక చరిత్ర కూడా గ్రామీణుల జ్ఞానంతోనే మొదలైంది. 1802లో మైసూరు రాజ్యపు సరిహద్దును కొలిచే పనిలో ఉన్న జాన్ వారెన్ అనే సైనికాధికారి మారికుప్పం, ఉరిగాం పరిసరాలలో జనం మట్టిని జలగడిగి పసిడి రజను తీయడం గమనించి నివేదిక రాశాడు. దశాబ్దాల తరువాత ఆ రచనను చదివిన మైకేల్ లావెల్ 1873లో మైసూరు ప్రభుత్వాన్ని తవ్వకానికి అనుమతి కోరాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ ప్రవేశించింది. తొలి సంవత్సరాలలో పెట్టుబడి కరిగిపోయింది, ఫలితం కనిపించలేదు. చివరకు ప్రాచీనులు తవ్వి విడిచిన గోతుల అడుగున మరింత లోతుకు దిగినప్పుడు ఛాంపియన్ సిర బయటపడింది. పాత గోతులను వ్యర్థమని తీసివేయక సాక్ష్యంగా పరిగణించడం వల్ల ఆ విజయం లభించింది.

5. అన్వేషణ క్రమం

నేటి అన్వేషణ మెట్లు మెట్లుగా సాగుతుంది. మొదట ఉపగ్రహ చిత్రాలు, పాత పటాలు, శిలాపటాలు పరిశీలిస్తారు. తరువాత కాలినడకన తిరిగి శిలల వాలు, చీలికలు, సిరలు పటంలో గుర్తిస్తారు. వాగులలో ఒండ్రును సేకరిస్తారు. బంగారం బరువైనది కాబట్టి అది కొట్టుకుపోకుండా వాగు మలుపులలో, బండల వెనుక నిలుస్తుంది. ఒక వాగులో దాని జాడ కనిపిస్తే ఎగువకు నడిచి, ఏ పాయ కలిసిన తరువాత జాడ మొదలైందో తేల్చుకుంటారు. ఆ పాయ పుట్టిన కొండచరియలో వరుస తప్పకుండా మట్టి నమూనాలు తీస్తారు. జాడ ఒక గీతగా తేలితే దానికి అడ్డంగా కందకం తవ్వి రాతిని చూస్తారు.

ఇంతవరకు ఆశాజనకంగా ఉంటే అప్పుడు వజ్రపు మొన గల గొట్టంతో భూమిలోకి రంధ్రం వేస్తారు. గొట్టంలో కోర్ అనే గుండ్రని శిలాదండం పైకి వస్తుంది. దానిని వరుసగా పెట్టెలలో పేర్చి, ఎన్ని మీటర్ల లోతు నుండి వచ్చిందో రాస్తారు. తరువాత నిలువునా రెండుగా కోస్తారు. ఒక సగం పరీక్షకు వెళుతుంది. రెండవ సగం పెట్టెలోనే భద్రంగా ఉంటుంది. భవిష్యత్తులో ఎవరికైనా సందేహం కలిగితే తీసి మళ్లీ పరీక్షించడానికి అది సాక్షి.

పరీక్షశాలలో రాతిని మెత్తని పొడిచేసి, అందులో 30 లేదా 50 గ్రాములు తూచి, సీసపు ఆక్సైడుతో కలిపి మూసలో కరిగిస్తారు. కరిగిన సీసం బంగారాన్ని తనలోకి తీసుకొని అడుగున చేరుతుంది. ఆ సీసపు ముద్దను ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో మళ్లీ వేడిచేస్తే సీసాన్ని గిన్నె పీల్చుకొని, సూదిమొనంత లోహపు గింజ మిగులుతుంది. దానిలోని బంగారాన్ని సున్నితమైన త్రాసులో తూచి, టన్నుకు ఎన్ని గ్రాములో లెక్కకడతారు.

ఇంత చిన్న కొలతలో పొరపాటుకు చోటు ఎక్కువ. పొడిచేసే యంత్రంలో నిన్నటి నమూనా రవ్వ మిగిలినా నేటి లెక్క తప్పుతుంది. వేలి ఉంగరం రాపిడి కూడా ఫలితాన్ని మార్చవచ్చు. అందుచేత నమూనాల మధ్య బంగారం లేదని ముందే తెలిసిన పొడిని, ఎంత ఉందో ముందే నిర్ధారించిన పొడిని, ఒకే నమూనా రెండు భాగాలను వేరువేరు సంఖ్యలతో కలిపి పంపుతారు. ఏది ఏదో పరీక్షశాలకు తెలియదు. వాటి ఫలితాలు సరిపోతేనే మిగిలిన ఫలితాలను నమ్ముతారు.

చాలా అన్వేషణలు 'ఇక్కడ గని లేదు' అనే జవాబుతో ముగుస్తాయి. ఆ జవాబు ఓటమి కాదు. అది రాబోయేవారి శ్రమను, ధనాన్ని, రైతుల భూమిని కాపాడే సమాచారం.

6. బోర్నియో అడవిలో జరిగిన మోసం

వరికుంటపాడు వంటి మెట్టసీమలో రాయి కంటికి కనిపిస్తుంది. భూమధ్యరేఖ సమీపంలోని దట్టమైన అడవులలో పరిస్థితి వేరు. ఏడాది పొడవునా కురిసే వానలకు, వేడికి రాయి మీటర్ల కొలది లోతు వరకు కుళ్లి ఎర్రని బంకమన్నుగా మారుతుంది. దానిపై ఆకులు, వేళ్లు, బురద. రోడ్లు ఉండవు, నదే దారి. అక్కడ ఏమి జరుగుతున్నదో దూరంలోని పెట్టుబడిదారులు స్వయంగా చూడలేరు. నమూనాల ఫలితాలే వారికి కళ్లు.

ఇండొనేషియాలోని బోర్నియో దీవిలో బుసాంగ్ అనే చోటు అటువంటిదే. కెనడాకు చెందిన బ్రీఎక్స్ అనే చిన్న సంస్థ 1993లో దానిని చేజిక్కించుకుంది. రంధ్రాల ఫలితాలు ఒకదానిని మించి ఒకటి వెలువడ్డాయి. 1997 ఆరంభానికి అక్కడ 7 కోట్ల 10 లక్షల ఔన్సుల బంగారం, అంటే రెండు వేల టన్నులకు పైగా, ఉన్నట్లు ప్రకటించారు. నామమాత్రపు ధర పలికిన వాటా రెండు వందల డాలర్లు దాటింది. సంస్థ విలువ 600 కోట్ల కెనడా డాలర్లకు చేరింది. సామాన్య కుటుంబాలు, ఉపాధ్యాయుల పింఛను నిధి సైతం ఆ వాటాలను కొన్నాయి.

అయితే అక్కడ ఒక ముఖ్య నియమం తప్పింది. శిలాదండాన్ని సగం కోసి దాచలేదు, మొత్తం పొడిచేశారు. సాక్షి లేకుండా పోయింది. 1997 మార్చిలో మరొక పెద్ద సంస్థ పాత రంధ్రాల పక్కనే కొత్త రంధ్రాలు వేసి చూడగా చెప్పుకోదగిన బంగారం కనిపించలేదు. అదే సమయంలో ఆ క్షేత్రపు ముఖ్య శాస్త్రజ్ఞుడొకరు హెలికాప్టర్ నుండి పడి మరణించాడు. మే నెలలో స్వతంత్ర నిపుణులు తమ నివేదిక ఇచ్చారు. పొడిచేసిన నమూనాలలో బయటి నుండి తెచ్చిన బంగారాన్ని కలిపారని అందులో తేలింది. సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు ఆ గింజలు నదిలో దొర్లి నునుపుతేరిన ఒండ్రు బంగారంలా ఉన్నాయి. రాతిలో పుట్టిన గింజకు ఆ గుండ్రదనం ఉండదు. అబద్ధం చెప్పినవారిని చివరకు ఆ గింజ ఆకారమే పట్టించింది. అప్పటికే వాటాలు చిత్తుకాగితాలయ్యాయి; ఎందరో తమ జీవితకాలపు పొదుపును కోల్పోయారు.

పిడికెడు రజనుతో వేల కోట్ల అబద్ధాన్ని నిర్మించవచ్చని బుసాంగ్ లోకానికి చూపింది. ఆ సంఘటన తరువాత కెనడా వంటి దేశాలు ఖనిజ ఫలితాల ప్రకటనకు కఠినమైన నిబంధనలు విధించాయి.

7. నిజమైన గనికీ ముగింపు ఉంది

అబద్ధపు గని సంగతి అది. నిజమైన గని కథ కూడా తెలుసుకోవాలి. కోలారు గనులు 120 ఏళ్లకు పైగా నడిచి దాదాపు 800 టన్నుల బంగారాన్ని ఇచ్చాయి. 1902లోనే శివనసముద్రం జలపాతం నుండి దాదాపు 147 కిలోమీటర్ల తీగల ద్వారా అక్కడికి విద్యుత్తు వచ్చింది. తొలి దశాబ్దాలలో టన్నుకు 40 గ్రాములకు పైగా పలికిన రాయి చివరి కాలంలో మూడు గ్రాముల స్థాయికి దిగజారింది. గని లోతు మూడు వేల మీటర్లు దాటింది. అక్కడ రాతి వేడి 60 డిగ్రీలకు మించింది. ఒత్తిడికి రాయి హఠాత్తుగా పేలడం వల్ల, రాతిధూళి ఊపిరితిత్తులలో చేరడం వల్ల కార్మికులు ప్రాణాపాయాన్ని ఎదుర్కొన్నారు.

తమిళ కార్మికులతో పాటు చిత్తూరు సీమ నుండి వెళ్లిన తెలుగువారు కూడా అక్కడ పనిచేశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. సైనైడు ద్రావణంతో బంగారాన్ని రాబట్టగా మిగిలిన పొడి దిబ్బలు ఊరి చుట్టూ మిగిలాయి. గాలి వీచినప్పుడు ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. గని తెరిచే రోజునే మూసే రోజు గురించి ఆలోచించాలని కోలారు బోధిస్తుంది.

8. గ్రామం అడగవలసిన ప్రశ్నలు

ఏ పల్లెకైనా ఖనిజాన్వేషకులు వచ్చినప్పుడు వదంతులు వారికంటే ముందు వస్తాయి. 'మీ పొలంలో బంగారం పడింది' అనే ఒక్క మాటతో భూముల ధరలు తారుమారవుతాయి. దళారులు దిగుతారు. ఆ వేళ చదువుకున్న యువకులు తమ ఊరికి చేయగల సేవ ప్రశ్నించడమే. ఎన్ని రంధ్రాలు వేశారు? టన్నుకు ఎన్ని గ్రాములు? ఎంత లోతున, ఎంత వెడల్పున? మిగిలిన సగం శిలాదండం ఎక్కడ ఉంది? తవ్విన కందకాన్ని తిరిగి ఎప్పుడు పూడుస్తారు? నీరు ఎక్కడి నుండి తెస్తారు?

మన దేశంలో 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం 2015లో సవరణ పొందింది. వేలం పద్ధతి, గనుల ప్రభావానికి లోనైన ప్రాంతాల కోసం జిల్లా ఖనిజ ఫౌండేషన్లు ఆ సవరణతో వచ్చాయి. పెద్ద గనులకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. ఆ సభలో నిలబడి మాట్లాడాలంటే కేకలు చాలవు; లెక్కలు తెలియాలి.

ఈ లెక్కల అవసరం బంగారంతో ముగియదు. వరికుంటపాడు, ఉదయగిరి పరిసరాలలోని కొన్ని గ్రామాల బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చుగా ఉండడం చాలాకాలంగా ఉన్న సమస్య. ఆ ఫ్లోరైడు కూడా రాతి నుండే వస్తుంది. అభ్రకం వంటి ఖనిజాల నుండి అది కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగుతాయి. లీటరుకు ఒక మిల్లీగ్రాము అన్నా, టన్నుకు ఒక గ్రాము అన్నా దాదాపు ఒకే పాలు. పది లక్షలకు నాలుగైదు పాళ్ల బంగారం రాతిని గనిగా మారుస్తుంది. పది లక్షలకు నాలుగైదు పాళ్ల ఫ్లోరైడు బావి నీటిని తాగరానిదిగా చేస్తుంది. రెండూ కంటికి కనిపించవు. నమూనాను శుభ్రంగా తీసి, సరిగా తూచి, వచ్చిన అంకెను మార్చకుండా రాసేవారు ఉంటేనే అవి తెలుస్తాయి.

కనుక విద్యార్థులు తమ ఊరి రాళ్లను, మట్టిని, నీటిని ఆసక్తితో పరిశీలించాలి. బంగారం ఉందని విన్నప్పుడు పొంగిపోకుండా, లేదని విన్నప్పుడు కుంగిపోకుండా, ఎవరు ఎలా కొలిచారని అడిగే అలవాటు చేసుకోవాలి. ఆ అలవాటు గల గ్రామాన్ని మోసగించడం ఎవరికీ సులభం కాదు.

కఠిన పదాలకు అర్థాలు

అభ్రకం : పలుచని రేకులుగా విడిపోయే మెరుపు ఖనిజం
ఒండ్రు : ప్రవాహం తెచ్చి వేసిన మట్టి, ఇసుక
గీటురాయి : బంగారం వన్నె తెలుసుకోవడానికి గీసే నల్లని రాయి
జలగడుగు : దుమ్మును నీటిలో కడిగి లోహపు రవ్వలను వేరుచేయు
నిక్షేపం : ఒకచోట చేరి ఉన్న ఖనిజ రాశి
పలుగురాయి : గట్టి తెల్లని స్ఫటికశిల
మూస : లోహాన్ని కరిగించే మట్టిపాత్ర
మేఖల : పట్టీ, ఒడ్డాణం
రజను : మేలిమి బంగారపు పొడి
వదంతి : ఆధారం లేని మాట, పుకారు
సిర : రాతి చీలికలో ఖనిజంతో నిండిన చార

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. శిలలలోకి బంగారం చేరిన విధాన్ని, స్వర్ణాన్వేషణలోని దశలను వివరించండి.
2. బుసాంగ్, కోలారు ఉదంతాల ద్వారా మనం గ్రహించవలసిన విషయాలను చర్చించండి.

II. సంక్షిప్తరూప సమాధాన ప్రశ్నలు
1. గుప్తనిధుల వెదుకులాటకు, ఖనిజాన్వేషణకు గల భేదమేమిటి?
2. అభ్రకం, పైరైటులను బంగారం నుండి ఎలా వేరుగా గుర్తిస్తారు?
3. శిలాదండంలో సగభాగాన్ని ఎందుకు భద్రపరుస్తారు?
4. బంగారపు కొలతకు, నీటిలోని ఫ్లోరైడు కొలతకు పాఠంలో చెప్పిన పోలికను తెలపండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. నెల్లూరు ప్రాంతపు శిలలను వర్ణిస్తూ 1880లో గ్రంథం వెలువరించినది ఎవరు?
2. ఎర్రగుడి శాసనాలను వెలుగులోకి తెచ్చినది ఎవరు?
3. కోలారు గనులు ఎప్పుడు మూతపడ్డాయి?
4. ఉదయగిరి ప్రాంతంలో రాగి ఖనిజానికి పేరు పొందిన గ్రామం ఏది?

IV. సందర్భ సహిత వ్యాఖ్యలు
1. పోలికను చూసి ప్రశ్న అడగవచ్చు. పోలికను జవాబుగా స్వీకరించరాదు.
2. నమూనాల ఫలితాలే వారికి కళ్లు.

V. భాషాంశాలు
సంధులు : అన్వేషణ = అను + ఏషణ (యణాదేశ సంధి); స్వర్ణాన్వేషణ = స్వర్ణ + అన్వేషణ (సవర్ణదీర్ఘ సంధి); ప్రాణాపాయం = ప్రాణ + అపాయం (సవర్ణదీర్ఘ సంధి)
సమాసాలు : శిలాదండం = శిల యొక్క దండం (షష్ఠీ తత్పురుష సమాసం); గుప్తనిధి = గుప్తమైన నిధి (విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం); నల్లరాయి = నల్లనైన రాయి (విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం)

VI. ప్రాజెక్టు పని
మీ ఊరి చుట్టుపక్కల కనిపించే ఐదు రకాల రాళ్లను సేకరించి, వాటి రంగు, గట్టిదనం, దొరికిన చోటు వివరాలతో పట్టిక తయారుచేయండి. మీ ఊరి తాగునీటిని ఎప్పుడు పరీక్షించారో, ఫలితం ఏమిటో గ్రామ పంచాయతీ కార్యాలయంలో అడిగి తెలుసుకొని ఒక నివేదిక రాయండి.